అరగుండుగారు నిజంగా తెలుగు లెక్చరరేనా?

భాను, కూకట్‌పల్లి:
నిన్న రాత్రి ఇంటిల్లిపాదీ ‘అహ నా పెళ్ళంట’ చూశాం. అరగుండు వేషంలో బ్రహ్మానందం తెరమీదికి రాగానే మా నాన్న “ఈయన అత్తిలి కాలేజీలో తెలుగు లెక్చరర్‌రా” అన్నారు. నేను నమ్మలేదు. నిజమేనా? అసలు మన కమెడియన్లు సినిమాల్లోకి రాకముందు ఏం చేసేవాళ్ళు? వికీపీడియా చదువుకోగలను, కబుర్లు కావాలి.

తెలుగు మాస్టారు (రిటైర్డ్):
నిజమే బాబూ. బ్రహ్మానందంగారిది అప్పటి గుంటూరు జిల్లా, సత్తెనపల్లి వైపు. నాన్నగారు వడ్రంగి పని చేసేవారు. ఈయన తెలుగు ఎం.ఏ. చదివి, అత్తిలిలో లెక్చరర్‌గా చేరారు. పాఠం చెబుతూనే మిమిక్రీ కార్యక్రమాలు ఇచ్చేవారు. 1987లో దర్శకుడు జంధ్యాలగారు ఆ అరగుండు వేషం ఇచ్చాక ఇక వెనక్కి తిరిగి చూసింది లేదు.

ఇందులో నాకేమీ ఆశ్చర్యం లేదు. నేనూ పశ్చిమ గోదావరిలోనే ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదటి పీరియడ్ ఎవరికి వేస్తారనుకున్నారు? తెలుగు వాడికే. ఎం.పి.సి. పిల్లలు మన క్లాసులో లెక్కల రికార్డులు రాసుకుంటారు. వెనక బెంచీవాళ్ళు పెరుగన్నం మత్తులో ఉంటారు. అలాంటి గదిలో ‘యమాతారాజభానసలగం’ అని ఛందస్సు సూత్రం చదివితే ఎవడు తలెత్తుతాడు? ‘మనుచరిత్ర’లో ప్రవరుడు హిమాలయాలకు వెళ్ళి, తనను అక్కడికి చేర్చిన కాళ్ళ పసరు కరిగిపోయిందని తెలుసుకునే ఘట్టం ఉంది చూశారూ, అక్కడ నేను పుస్తకం బల్లమీద పెట్టి, ఓ కాలు పైకెత్తి అరికాలు చూసుకునేవాణ్ణి. ఒక్క మాట కూడా అనేవాణ్ణి కాదు. ముందు మూడో బెంచీలో ఎవరో కిసుక్కుమనేవారు, తర్వాత గదంతా. ఆ నవ్వు ఆగకముందే పద్యం ఎత్తుకోవాలి, ఆగాక ఎత్తుకుంటే మళ్ళీ నిద్రపోతారు. టైమింగ్ అంటారే, అది నాలాంటి వాడికే అబ్బితే ఆయనకు అబ్బదా?

ఇంకో తమాషా. ఆ సినిమాలో అరగుండు చేత చాకిరీ చేయించుకునే పిసినారి యజమాని కోట శ్రీనివాసరావుగారు అసలు స్టేట్ బ్యాంకు ఉద్యోగి. కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తిన్నది బ్యాంకాయన. తిట్లు తిన్నది లెక్చరర్‌గారు!

నెల్లూరోడు:
మీ గోదావరోళ్ళు ఎప్పుడూ మీవాళ్ళ గురించే చెప్పుకుంటారు సార్. మా రమణారెడ్డి సంగతేంది? తిక్కవరపు వెంకట రమణారెడ్డి, నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టర్. ఆ ఈనుపుల్లలాంటి మనిషి వీధిలో నిలబడి “మురిక్కాలవ ఎవరు మూశారయ్యా” అని గద్దిస్తే ఎట్టుంటుందో ఊహించుకోండి. నాకైతే తలుచుకుంటేనే నవ్వొస్తది.

‘మాయాబజార్’లో చిన్నమయ్య ఆయనే. అందులోనే శర్మగా వేసిన అల్లు రామలింగయ్య హోమియో వైద్యుడు. సినిమాల్లో ఎంత బిజీగా ఉన్నా మందులివ్వడం మానలేదు. రాజమండ్రిలో గవర్నమెంటు హోమియో కాలేజీకి ఆయన పేరే ఉంది. కమెడియన్ పేరుతో డాక్టర్లు తయారయ్యే కాలేజీ ఇంకెక్కడన్నా ఉందేమో చెప్పండి.

పద్మజ:
అందరూ నవ్వుకుంటున్నారు గానీ ఒక మాట. ఈ కథలన్నీ గెలిచినవాళ్ళవి. మా బాబాయి కూడా నాటకాల పిచ్చోడే. పరిషత్తుల్లో ఎన్ని కప్పులు తెచ్చాడో, షోకేసు నిండా ఉండేవి. చేస్తున్న ఉద్యోగం వదిలేసి మద్రాసు వెళ్ళాడు, రెండు సినిమాల్లో పెళ్ళిభోజనాల పంక్తిలో కనిపించాడు. ఆకు ముందు కూర్చోబెట్టారు గానీ వడ్డించలేదట, షాట్ అయిపోయిందట! ఆయనే చెప్పి నవ్వేవాడు. పిన్ని మాత్రం నవ్వేది కాదు. ఒకటో తారీఖు జీతం వస్తుంటేనే మనిషికి ధైర్యంగా వేషాలు వెతుక్కునే వీలుంటుంది. మాస్టారూ, క్లాసురూము కన్నా ఆ జీతమే వీళ్ళను నిలబెట్టిందేమో.

తెలుగు మాస్టారు (రిటైర్డ్):
పద్మజమ్మా, కాదనను. సెలవు పెట్టి నాటకం వేయడం వేరు, నాటకం లేకపోతే పస్తుండడం వేరు. కానీ జీతం అందరికీ వస్తుంది, ఆ జీతం తీసుకునేవాళ్ళందరూ నవ్వించలేరు. మా స్టాఫ్‌రూములోనే చూశాను.

భాను, కూకట్‌పల్లి:
థాంక్సండీ అందరికీ. నాన్నకు చదివి వినిపించాను. “ఎమ్మెస్ నారాయణ కూడా తెలుగు లెక్చరరే, భీమవరంలో, అడుగు” అంటున్నారు. తెరమీద ఆయన వేసినవి ఎక్కువ తాగుబోతు వేషాలే కదా?

తెలుగు మాస్టారు (రిటైర్డ్):
అవును, ఆయనా లెక్చరరే. అందులో కూడా విడ్డూరం చూడండి. అసలు లెక్చరర్లేమో తాగుబోతు, అరగుండు. తెరమీద లెక్చరర్ అనగానే అందరికీ గుర్తొచ్చే ధర్మవరపు సుబ్రహ్మణ్యంగారేమో ప్రభుత్వ ఉద్యోగి. ‘నువ్వు నేను’లో ఆయన పాఠం చెప్పే తీరు చూసి మా పిల్లలు నన్ను కూడా అలాగే చెప్పమన్నారు.

నెల్లూరోడు:
చెప్పారా సార్?

తెలుగు మాస్టారు (రిటైర్డ్):
ప్రిన్సిపాల్ సెలవులో ఉన్న రోజు చెప్పాను.