మేకకు పొదుగువాపు, పిల్లల్ని తల్లి దగ్గర వదలవచ్చా?
నమస్కారమండీ. పాల కోసం కొన్ని మేకల్ని పెంచుకుంటున్నాం. వాటిలో బాగా పాలిచ్చే మేక ఈమధ్యే ఈనింది, కవల పిల్లలు. నిన్న పొద్దున పితకబోతే పొదుగు ఎడమ పక్క వేడిగా, గట్టిగా తగిలింది. మొదటి ధారలు నల్లగుడ్డ మీద పిండితే పాలలో సన్నటి తెల్ల పలుకులు కనిపించాయి. కుడి పక్క పాలు బాగానే ఉన్నాయి. జ్వరం 105 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంది, మామూలుగా 103.5 లోపే ఉండాలి. మేత తింటోంది, నెమరు వేస్తోంది, అదొక్కటే ధైర్యం.

డాక్టర్ గారు పొదుగువాపు అని చెప్పి చన్నులోకి ఎక్కించే మందు ఇచ్చారు. ఆ పాలు మేం వాడటం లేదు. దీన్ని అన్నిటికన్నా చివర్లో పితికి, చేతులు కడుక్కుంటున్నాను.

నా టెన్షన్ అంతా పిల్లల గురించే. తల్లి దగ్గర వదిలితే ఎడమ చన్నే పట్టుకుంటున్నాయి, పాపం అది నొప్పికి తన్నేస్తోంది. విడదీసి సీసాతో పాలు పట్టిద్దామంటే చిన్నది నోరే తెరవదు, తల తిప్పేసుకుని అరుస్తూనే ఉంటుంది.

చెడిన పక్కకు గుడ్డ కట్టి, మంచి పక్క మాత్రమే తాగించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? సీసా అలవాటు చేయడానికి మీరేం చేశారు? వచ్చే ఈతకి ఆ పక్క మళ్లీ పాలకు వస్తుందా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.