వరదలో కొట్టుకుపోయిన గేదె కళేబరం దొరకలేదు, పరిహారం ఎలా?

మాది ఖమ్మం దగ్గర మున్నేరు ఒడ్డున ఊరు. 2024 సెప్టెంబర్ 1 వరదలో మా రెండు ముర్రా గేదెలు కొట్టుకుపోయాయి. ఒకటి మూడో రోజు పొలం గట్టున దొరికింది. పోస్టుమార్టం చేశారు, దానికి డబ్బులు పడ్డాయి. రెండోది, పూటకు ఐదు లీటర్లిచ్చేది, దొరకనే లేదు. గుంజకు తెగిన పలుపు ముక్క మాత్రం మిగిలింది.

అప్పటి విపత్తు సహాయ నిబంధనల్లో పాడి గేదెకు 37,500 రూపాయలని ఉంది. పోస్టుమార్టం రిపోర్టు లేదని నా దరఖాస్తు పక్కన పెట్టారు. చెవి ట్యాగు 12 అంకెల నంబరు, పంచనామా, పాలకేంద్రం పుస్తకం జతచేసి మళ్లీ ఇచ్చాను. ప్రజావాణిలోనూ అర్జీ పెట్టాను. జవాబు లేదు, టెన్షన్‌గా ఉంది.

కళేబరం దొరకని పశువుకు పరిహారం వచ్చినవాళ్లు పోస్టుమార్టం రిపోర్టు బదులు ఏ కాగితం చూపించారు?