తొలి ఫోటోకే చీవాట్లు తిన్నవాళ్లు ఉన్నారా?

వెలుగునీడ: ఫిల్ము రోజుల్లో నేను తీసిన మొదటి పన్నెండు ప్రింట్లను ఒక పెద్దాయనకు చూపించాను. పేకముక్కల్లా చకచకా తిప్పేసి, "మనిషిని చూశావు, మనిషి వెనక ఏముందో చూడలేదు. ఇవి ఫోటోలు కావు" అన్నారు. నిజమే, చెల్లెలి నడినెత్తి మీద కరెంటు స్తంభం మొలిచినట్టు ఉంది! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారగానే తనను అక్కడే నిలబెట్టి, నేను రెండడుగులు పక్కకు జరిగాను. స్తంభం ఫ్రేములోంచి తప్పుకుంది. ఆ రెండడుగులతో పట్టుకున్న పిచ్చి ఇప్పటికీ వదల్లేదు. మీ అనుభవాలు చెప్పండి.

నిదానం: "నీ చెయ్యి వణుకుతుంది, నీకెందుకమ్మా కెమెరా" అన్నారు నన్ను. ఉక్రోషంతోనే నేర్చుకున్నాను. చెయ్యి అందరిదీ కాస్తో కూస్తో కదులుతుంది. నేను షట్టర్‌ను, అంటే కెమెరాలోకి వెలుగును వదిలే తలుపును, సెకనులో 15వ వంతు సేపు తెరిచి తీసేదాన్ని. ఆలోగా చెయ్యి కదిలి బొమ్మ చెదిరేది. 50 మిల్లీమీటర్ల లెన్సును చేత్తో పట్టుకుని తీసేటప్పుడు 60వ వంతుకు మించి తెరిచి ఉంచకపోతే మంచిదని తెలిశాక బొమ్మ నిలిచింది.

పాతరీలు: తిట్టు మేలు చేస్తుందంటే నాకు మింగుడుపడదు. నాతోపాటు మొదలుపెట్టిన స్నేహితుడిది నాకన్నా చురుకైన కన్ను. "నీ వల్ల కాదు" అన్న ఒక్క మాటకు కెమెరాను బీరువాలో పెట్టేశాడు, మళ్లీ తీయలేదు. వెలుగునీడ గారూ, మీకు తగిలిన మాట కరకుగా ఉన్నా ఎటు చూడాలో చెప్పింది. వాడికి అదీ దక్కలేదు.

అద్దంమసక: బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్‌కు 1863లో, 48 ఏళ్ల వయసులో, కూతురూ అల్లుడూ కెమెరా కానుకగా ఇచ్చారు. ఫోకస్ సరిగా లేదని, గాజు ప్లేట్ల మీద మరకలున్నాయని ఆనాటి ఫోటోగ్రఫీ పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆమె ఆ మసక మెత్తదనాన్ని వదులుకోలేదు. లండన్‌లోని నేటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 1865లోనే ఆమె ఫోటోలు కొన్నది. స్తంభం విషయంలో పెద్దాయన మాట వినాల్సిందే. మసక మనం కోరి తెచ్చుకున్నదైతే మాత్రం ఎవరేమన్నా నిలబడాలి.

నిదానం: వెలుగునీడ గారూ, ఆ రెండో ఫోటో ఆయనకు చూపించారా?

వెలుగునీడ: చూపించాను. ఈసారి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు. "ఫోకస్ చెవి మీద ఉంది, కంటి మీద లేదు" అన్నారు. మర్నాడు మళ్లీ చెల్లెలిని పిలిచాను.