పాలు, పెరుగు, నెయ్యి ఏవీ పడని 11 నెలల పాపకి ఏం పెడుతున్నారు?

కూకట్‌పల్లి_కోడలు:
అందరికీ నమస్తే. మా పాపకి 11 నెలలు. ఆరు నెలలు దాటాక డబ్బాపాలు మొదలుపెట్టిన వారంలోపే విరేచనంలో జిగురు, రక్తపు చారలు, బుగ్గల మీద దద్దుర్లు. పాల ప్రోటీన్ అలర్జీ అని తేల్చారు. అప్పటినుంచి నేను కూడా పాలు, పెరుగు మానేసి పాలిస్తున్నాను, పాప ఇప్పుడు హాయిగా ఉంది. వచ్చే నెల నాకు ఆఫీసు, తనకి క్రెష్. పెరుగన్నం బదులు ఏం పెడుతున్నారు? ఏడాది నిండాక బాదం పాలు సరిపోతాయా? క్రెష్ వాళ్లకి ఎలా చెప్పాలి? ఇంకోటి, మా అత్తగారు "నెయ్యి పాలు కాదు కదా, ఒక్క చుక్క వేస్తే ఏమవుతుంది" అని రోజూ అంటున్నారు. దానికి కూడా ఎవరైనా జవాబు చెప్పండి, చూపిస్తాను.

శైలు_గుంటూరు:
ఆ చివరి మాట చదవగానే ఒళ్లు మండింది, మీ మీద కాదు లెండి. మా బాబు అన్నప్రాసనకి నేను కొబ్బరిపాలు, బెల్లం వేసి పరమాన్నం విడిగా చిన్న గిన్నెలో వండి పెట్టుకున్నాను. పంతులుగారు పిలిచే టైముకి చుట్టాల్లో ఒక పెద్దావిడ "ఇదేం పరమాన్నం తల్లీ, నెయ్యి వాసనే లేదు" అని ఓ చెంచా వేసి కలిపేసింది. నాకు చెప్పలేదు కూడా. గంటలోపే వాడి మూతి చుట్టూ దద్దుర్లు, రెండుసార్లు కక్కాడు, పట్టుచీరతోనే ఆటో ఎక్కి ఆస్పత్రికి పరుగు. ఆల్బమ్‌లో ఉన్నది వెండి గిన్నె, ఉంగరం, నా ఏడుపు మొహం, అంతే. ఒక్క చుక్క కూడా వద్దు అని చెప్పండి ఆవిడకి.

గోదారి_బుల్లోడు:
నెయ్యికి ఇంత భయం అక్కర్లేదండీ. నేను ఫుడ్ టెక్నాలజీ చదివి తొమ్మిదేళ్లు డెయిరీలో పనిచేశాను. నెయ్యిలో 99.5 శాతం కొవ్వు ఉండాలని రూలే ఉంది. వెన్న కాచేటప్పుడు ప్రోటీన్ అంతా అడుగున మిగిలే గసిలోకి దిగిపోతుంది. వడగడితే ఇంకేముంది అందులో?

శైలు_గుంటూరు:
"అంతా" దిగిపోతే మా వాడు దేన్ని కక్కాడో చెప్పండి మరి. మిగిలిన అర శాతంలో ఏముంటుందో కూడా మీ డెయిరీలో చెప్పి ఉంటారుగా.

గోదారి_బుల్లోడు:
అర శాతంలో ఎక్కువ తేమే. ఇంట్లో కాచిన నెయ్యిని సగంమంది సరిగ్గా వడగట్టరు, గసితో సహా సీసాలో పోసేస్తారు. అది నెయ్యి తప్పు కాదు, వడగట్టినవాళ్లది. మా అమ్మ ఆ గసిలో పంచదార కలిపి వేడివేడిగా పెట్టేది, ఇప్పటికీ ఆ రుచి ముందు ఏ స్వీటూ పనికిరాదు.

పిఠాపురం_పిల్ల:
పంచదార కాదు, గసిలో వేడన్నం కలిపి ఉప్పు వేసుకోవాలి. పంచదార అంటున్నారంటే మీరు గోదారోళ్లేనా అసలు?

గోదారి_బుల్లోడు:
రాజోలు అండి. ఇంకా ప్రూఫ్ కావాలా?

నర్సమ్మ_వరంగల్:
గసి సంగతి తర్వాత మాట్లాడుకోండి. నేను పదహారేళ్లుగా పిల్లల వార్డులో ఉన్నాను, డిగ్రీ గొప్ప చెప్పుకోవడానికి రాలేదు. నెయ్యిలో ప్రోటీన్ చాలా తక్కువ, నిజమే. సున్నా మాత్రం కాదు. కొందరు పిల్లలకి ఏమీ కాదు, కొందరికి ఆ కాస్తకే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. ఈ పాప ఏ రకమో మీ డెయిరీ అనుభవం చెప్పదు బాబూ. అలర్జీ అని తేలిన పిల్లకి నెయ్యి ఎప్పుడు, ఎంత మొదలుపెట్టాలో ఆ పాపని చూసే డాక్టరు చెప్పాలి. అప్పటిదాకా పాపకి పడే నూనె ఏదైనా వేసి కలపండి, పిల్లలకి కావాల్సింది కొవ్వు, అది నూనెలోనూ ఉంది.

గోదారి_బుల్లోడు:
నేను తినిపించమనలేదు, భయం అతి అన్నాను. రెంటికీ తేడా ఉంది.

శైలు_గుంటూరు:
"ఇంకేముంది అందులో" అన్నది ఎవరు? పైకి స్క్రోల్ చేసి చూసుకోండి.

బన్నీ_నాన్న:
నెయ్యి దగ్గరే ఆగిపోయారు అందరూ. నేను చేసిన తప్పు ఇంకెవరూ చేయకూడదని రాస్తున్నాను. మా వాడికి పాలు పడవు అనగానే సూపర్ మార్కెట్‌కి వెళ్లి లాక్టోజ్ లేని పాల ప్యాకెట్లు ఆరు తెచ్చాను, పెద్ద హీరోలా. మూడో రోజుకి మళ్లీ రక్తం. లాక్టోజ్ అంటే పాలలో చక్కెరట, మా వాడికి పడనిది ప్రోటీన్. చక్కెర తీసేసినా ప్రోటీన్ అక్కడే ఉంది. మా ఆవిడ ఇప్పటికీ ఏ సరుకు తెచ్చినా "లేబుల్ చదివావా హీరో" అంటుంది. మేకపాలు, గేదెపాలు కూడా దాదాపు అంతేనట, ఆవుపాలు పడని పిల్లల్లో చాలామందికి అవీ పడవు.

తెనాలి_తాతగారు:
ఇవన్నీ ఇప్పటి రోగాలు. మా రోజుల్లో వీధిలోకి గాడిదని తోలుకొచ్చేవాళ్లు, అక్కడికక్కడ పిండి చిన్న గ్లాసుతో పోసేవాళ్లు. మా నలుగురు పిల్లలకీ గాడిద పాలు పట్టాం. దగ్గు లేదు, ఆయాసం లేదు.

నర్సమ్మ_వరంగల్:
తాతగారూ, పెద్దవారు, కోపం తెచ్చుకోకండి. ఇప్పటికీ హైదరాబాద్ గల్లీల్లో గాడిదలు వస్తున్నాయి, కొనేవాళ్లూ ఉన్నారు. ఎవరూ కాచరు, పచ్చిపాలే పోస్తారు. పొదుగు, చెయ్యి, గ్లాసు, ఏది కడిగారో ఎవరికి తెలుసు. పచ్చిపాలు తాగి జ్వరం, విరేచనాలతో వచ్చిన చంటిపిల్లల్ని వార్డులో చూశాను. మీ నలుగురూ బాగున్నారు, సంతోషం. బాగోలేని పిల్లల ఇళ్లవాళ్లు ఇక్కడికొచ్చి రాయరు కదా.

తెనాలి_తాతగారు:
సరేనమ్మా. కాచి పట్టమంటే కాచి పట్టుకోండి.

శైలు_గుంటూరు:
కాచినా వద్దు తాతగారూ!!

లెస్టర్_లక్ష్మి:
బాదం పాల గురించి అడిగారు, ఒక్కరూ చెప్పలేదు. మేము ఇంగ్లండ్‌లో ఉంటాం, మా పాపకి ప్రోటీన్‌ని బాగా ముక్కలు చేసిన ప్రత్యేక డబ్బాపాలు ప్రిస్క్రిప్షన్ మీద ఉచితంగా ఇచ్చారు, ఇండియాలో ఆ డబ్బాల ధరకి గుండె ఆగుతుందని మా చెల్లి చెప్పింది. ఏడాదిలోపు తల్లిపాలు, లేదా ఆ ప్రత్యేక పాలు, అంతే. బాదం, ఓట్స్, కొబ్బరి పాలేవీ వాటి స్థానంలోకి రావు. వంటలో కాస్త వాడుకోవచ్చు. బాదం పాలలో ఉండేది ఎక్కువగా నీళ్లే, ప్రోటీన్ ఏమంత ఉండదు. ఏడాది దాటాక మాకు కాల్షియం కలిపిన సోయా పాలు ఇమ్మన్నారు, ప్యాకెట్ బాగా ఊపి పోయాలి, కాల్షియం అడుగున పేరుకుంటుంది. కానీ సోయా కూడా పడని పిల్లలు ఉన్నారు, అడిగి మొదలుపెట్టండి. బియ్యం పాలు మాత్రం ఇక్కడ అయిదేళ్లలోపు పిల్లలకి వద్దంటారు, బియ్యంలో ఆర్సెనిక్ అనే విషం కాస్త ఉంటుందని.

పిఠాపురం_పిల్ల:
ఆర్సెనిక్కా? మేము మూడు పూటలా అన్నం తింటున్నాం!

లెస్టర్_లక్ష్మి:
అన్నం మానమనలేదండీ. రోజూ పాల బదులు గ్లాసులకొద్దీ బియ్యం పాలు తాగించొద్దని.

మిల్లెట్_మాధవి:
ఇంత చర్చ ఎందుకో అర్థం కాదు. రాగుల్లో పాలకంటే మూడు రెట్లు కాల్షియం. మొలకెత్తించి, నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి, పిండి పట్టించి జావ కాచండి. ఇది నేను వందల మందికి నేర్పాను, నా పిల్లలు ఇద్దరూ పాల చుక్క లేకుండా పెరిగారు. మన అమ్మమ్మల ఉగ్గు ఉండగా ఈ డబ్బాల గోల ఏమిటి?

నర్సమ్మ_వరంగల్:
రాగులు మంచివే, మా ఇంట్లోనూ జావే. లెక్క మాత్రం సరిగ్గా వేయండి మాధవిగారూ. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. అది వంద గ్రాముల ఎండు పిండికి. పాప గిన్నెలో పిండి ఎంత, మహా అయితే 15 గ్రాములు. అంటే 55 మిల్లీగ్రాములు. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకి రోజుకి 500 కావాలి. తొమ్మిది గిన్నెల జావ తాగుతుందా ఈ పాప?

మిల్లెట్_మాధవి:
నేను జావ ఒక్కటే ఇమ్మన్నానా? నువ్వుల పొడి, మునగాకు, తోటకూర, ఇవన్నీ కలిపే చెప్తాను క్లాసులో. ఒక్క పోస్టు చూసి లెక్కల టీచర్‌లా మాట్లాడటం మర్యాద కాదు.

నర్సమ్మ_వరంగల్:
పోస్టులో లేనిది నాకు ఎలా తెలుస్తుందమ్మా. పోనీ, నువ్వుల పొడి మాట నిజం, రోజూ ఓ చెంచా అన్నంలో కలపండి. తల్లికి కాల్షియం ఇంకా ఎక్కువ కావాలి, పాలిచ్చేటప్పుడు రోజుకి 1200 మిల్లీగ్రాములు. కోడలుగారూ, మీరు కాల్షియం మాత్రలు వేసుకుంటున్నారా? ఒక్కరూ ఆ మాట అడగలేదు.

కూకట్‌పల్లి_కోడలు:
వేసుకుంటున్నానండీ, గుర్తున్నప్పుడు.

నర్సమ్మ_వరంగల్:
"గుర్తున్నప్పుడు" కుదరదు తల్లీ. ఇంకో మాట, మీది శాకాహారమైతే విటమిన్ బి12 గురించి తప్పకుండా అడగండి. గుడ్డు, చేప లేక, పాలు కూడా పోతే మామూలు తిండిలో అది ఇంక దేన్నుంచీ రాదు. ఎంత మునగాకు తిన్నా రాదు.

ఒంగోలు_వంటిల్లు:
పెరుగన్నం సంగతి నేను చెప్తాను. గ్లాసుడు పల్లీలు రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, మూడు గ్లాసుల నీళ్లతో మెత్తగా రుబ్బి వడగట్టండి. సన్నమంట మీద కలుపుతూనే కాచాలి, వదిలితే అడుగంటుతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు. పెరుగు లేకుండా తోడేమిటంటారా, పచ్చిమిరపకాయల తొడిమలు ఆరేడు వేసి మూతపెట్టండి. ఎనిమిది, పది గంటల్లో తోడుకుంటుంది. మొదటిది పలచగానే వస్తుంది, దాన్నే తోడుగా వేస్తే రెండోది గట్టిగా వస్తుంది. మా మనవడు ఆవ, కరివేపాకు తాలింపు పెట్టి కలిపితే గిన్నె నాకేస్తాడు.

శైలు_గుంటూరు:
అలర్జీ ఉన్న పాపకి పల్లీలా? ఒకటి తప్పించి ఇంకోటా?

లెస్టర్_లక్ష్మి:
అది పాత మాటండీ. 2015లో వచ్చిన లీప్ అధ్యయనం లండన్‌లో అలర్జీ ముప్పు ఎక్కువ ఉన్న పిల్లల మీదే చేశారు, ఎగ్జిమా (ఒంటి మీద దురద దద్దుర్లు) బాగా ఉన్నవాళ్లకో గుడ్డు పడనివాళ్లకో 4 నుంచి 11 నెలల మధ్యే పల్లీలు మొదలుపెడితే పల్లీ అలర్జీ చాలా తగ్గింది. అయితే ఆ పిల్లల్ని ముందు పరీక్ష చేసే మొదలుపెట్టారు. మీ డాక్టరుని అడగకుండా చేయొద్దు. గింజ గింజగా అయితే అసలే వద్దు, గొంతులో పడుతుంది.

నర్సమ్మ_వరంగల్:
పల్లీ విడిగా కొంచెం పెట్టి, పడుతుందని తేలాకే ఆ పెరుగు జోలికి వెళ్లండి. తొడిమలు బాగా కడగండి, వాసన తేడాగా ఉంటే మొహమాటం లేకుండా పారబోయండి. అది అన్నంలోకే, పాల బదులు కాదు.

గోదారి_బుల్లోడు:
తొడిమలతో తోడుకోవడానికి కారణం వాటి మీద ఉండే బాక్టీరియా. ఏ బాక్టీరియా ఉంటుందో మాత్రం గ్యారంటీ లేదు. నేను చెప్తే ఎలాగూ వినరు.

శైలు_గుంటూరు:
ఇది మాత్రం వింటాను.

కూకట్‌పల్లి_కోడలు:
క్రెష్ గురించి ఒక్కరూ చెప్పలేదు. ఇప్పటికి ముప్ఫై పోస్టులైనట్టున్నాయి.

బన్నీ_నాన్న:
సారీ అండి. మేము "పాలు పడవు" అని నోటితో చెప్పాం, వాళ్లు పాలు పట్టలేదు, రస్కు పెట్టారు. రస్కులో పాలపొడి ఉంటుందని వాళ్లకి తోచలేదు, నిజం చెప్పాలంటే మాకూ తోచలేదు. అందుకే పాప ఫోటో పెట్టి ఒక పేజీలో పెద్ద అక్షరాలతో రాసివ్వండి: పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, వెన్న, పన్నీర్, బిస్కెట్, కేకు, చాక్లెట్, రస్కు. వే, కేసిన్ అని ఉన్నా పాలే. ప్యాకెట్ వెనక అలర్జీ వివరాల దగ్గర పాలు అని ఉందేమో చూడమనండి. బాక్సు, చెంచా విడిగా పంపండి, వేరే పిల్లల పెరుగన్నం చెంచాతో పెట్టకూడదని మరీ మరీ చెప్పండి. పుట్టినరోజులకి కేకు వస్తుంది కాబట్టి మీరే ఇడ్లీయో, బెల్లంతో చేసిన రాగి లడ్డూయో ఎప్పుడూ ఒకటి అక్కడ ఉంచండి. పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా మీకు ఫోన్ చేసి కూర్చోకుండా ముందు ఆస్పత్రికి తీసుకెళ్లాలి, అది పైన ఎర్రసిరాతో రాయండి. మా వాడికి ఇప్పుడు మూడున్నర, డాక్టరు చెప్పినట్టు బేక్ చేసిన బిస్కెట్టు ముక్కతో మొదలుపెట్టి మెల్లగా దోసెలో పాల దాకా వచ్చాం. చాలామందికి అలాగే పోతుందన్నారు.

పిఠాపురం_పిల్ల:
దోసెలో పాలు ఎందుకండీ?

బన్నీ_నాన్న:
మా ఆవిడ ఐడియా. అడగొద్దు.

కూకట్‌పల్లి_కోడలు:
పది రోజుల తర్వాత వచ్చాను. బన్నీ నాన్నగారి కాగితం ప్రింట్ తీసి క్రెష్‌లో గోడకి అతికించాం. డాక్టరుని అడిగి పల్లీ మొదలుపెట్టాం, పడింది. పల్లీ పెరుగు మొదటిసారి నీళ్లు, పిండి విడిపోయి పారబోశాను, రెండోసారి తోడుకుంది. పాప నాలుగు చెంచాలు తిని ఉమ్మేసింది, మిగిలింది మా అత్తగారు తాలింపు పెట్టుకుని తిన్నారు, "పెరుగనకపోతే బానే ఉంది" అన్నారు. నెయ్యి మాట ఇప్పుడు ఎత్తడం లేదు. శైలుగారి పోస్టు చదివి వినిపించాను.

గోదారి_బుల్లోడు:
సంతోషం. గసి వృథా చేయొద్దని మాత్రం చెప్పండి ఆవిడకి, పంచదార కలిపి

కూకట్‌పల్లి_కోడలు:
బుల్లోడు గారూ, నేను పాలు, నెయ్యి మానేసి నాలుగు నెలలు దాటింది. దండం పెడతాను, ఈ థ్రెడ్‌లో ఆ పంచదార మాట మళ్లీ రాయకండి.