ఇరుగుపొరుగు దేశాలతో ఉమ్మడి రక్షణ ఒప్పందం మనకు కావాలా?

నల్లగొండ రన్నర్:
పొద్దున్నే ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో ఆర్మీ ఫిజికల్ కోసం ప్రాక్టీస్ చేసే మా బ్యాచ్‌లో నిన్న గట్టి వాదన నడిచింది. అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటోలో ఒక దేశం మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే లెక్క. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులతో మనం అలాంటి ఒప్పందం ఎందుకు చేసుకోకూడదు? చేసుకోవాలనే నా మాట. 2022 ఆగస్టులో మన ప్రభుత్వం ఆందోళన చెప్పినా ఉపగ్రహాల జాడ కనిపెట్టే చైనా ఓడ యువాన్ వాంగ్-5 హంబన్‌తోట రేవుకు వచ్చి ఆగింది. ఉమ్మడి ఒప్పందం ఉంటే శ్రీలంక దాన్ని రానిచ్చేదా? దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ ఏమో 1985లో పుట్టింది, 2014 కాఠ్మాండూ తర్వాత దేశాధినేతల సమావేశమే జరగలేదు. పెద్దలు చెప్పండి.

దేవరకొండ మాజీ సిపాయి:
తమ్మీ, సంతకం అనగానే అయిపోయినట్టు కాదు. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో సంతకాలు పెట్టారు. దాంతోపాటు రాసుకున్న ఉత్తరాల్లో ట్రింకోమలీ రేవును భారత్‌కు హాని చేసే ఏ దేశ సైన్యానికీ ఇవ్వబోమన్న మాట కూడా ఉంది. నువ్వు అడిగేది ఇదే కదా, అప్పుడే రాసుకున్నారు. ఆ ఒప్పందం మీదే మమ్మల్ని శాంతి సేన అని పంపారు. తమిళ పులుల (ఎల్టీటీఈ) దగ్గర ఆయుధాలు తీసుకుని రావడం మా పని అన్నారు. అక్టోబర్ వచ్చేసరికి ఆ పులులతోనే యుద్ధం.

జాఫ్నా వైపు మేం రోడ్డు మీద నడిచేవాళ్లం కాదు, పక్కన చెలకల్లో నడిచేవాళ్లం. రోడ్డు కింద మందుపాతర ఉంటుందని. కల్వర్టు కనబడితే అందరం ఆగేవాళ్లం, ఒకరు ముందుకు పోయి కిందికి వంగి వైరు ఉందేమో చూసొచ్చాకే మిగతా వాళ్లు కదిలేది. 1990 మార్చిలో చివరి బ్యాచ్ తిరిగొచ్చేనాటికి 1,100 మందికి పైగా మనవాళ్లు పోయారు. మధ్యలో అక్కడ ప్రభుత్వం మారి ప్రేమదాస వచ్చాడు, మమ్మల్ని వెళ్లిపొమ్మన్నాడు. మేం కొట్లాడుతున్న పులులకే ఆయన ప్రభుత్వం ఆయుధాలు ఇచ్చిందని తర్వాత బయటపడింది. రెండు ప్రభుత్వాలు సంతకం పెట్టాయి, తుపాకీ పట్టుకున్నవాడు పెట్టలేదు. పోయినవాళ్ల ఇండ్లకు ఎవరు జవాబు చెప్పాలి? నాటో లాంటిది మనకు వద్దు.

పాలమూరు వకీలు:
సిపాయి గారి మాటకు ఇంకొకటి కలుపుతా. సార్క్ చార్టర్ పదో అధికరణంలోనే రాసుకున్నారు: ఇద్దరి మధ్య గొడవలు, వివాదాస్పద అంశాలు ఇక్కడ చర్చకు రాకూడదు, నిర్ణయాలు ఏకగ్రీవంగానే జరగాలి అని. ఉగ్రవాదం మీద 1987లోనే సార్క్ ఒప్పందం చేసింది, 2004లో దానికి అదనపు ప్రోటోకాల్ వచ్చింది. అయినా 2016లో ఉరీ దాడి జరిగాక ఇస్లామాబాద్ సమావేశమే రద్దయింది.

మన ముందరే ఒక ఉదాహరణ ఉంది. 2023 నవంబర్ 30, మనం ఓట్లేసిన రోజు. నాగార్జునసాగర్ డ్యామ్ మీదకు ఆంధ్ర పోలీసులు వచ్చి సగం గేట్లు స్వాధీనం చేసుకున్నారు, కుడి కాలువకు నీళ్లు వదిలారు. తెలంగాణ పోలీసులు అటు నుంచి మోహరించారు. చివరికి కేంద్రం కలగజేసుకుని డ్యామ్‌ను సీఆర్పీఎఫ్ చేతిలో పెట్టింది. ఒకే దేశం, ఒకే సుప్రీంకోర్టు, నీళ్లకు ప్రత్యేకంగా కృష్ణా బోర్డు, ఇన్ని ఉండి కూడా అక్కడిదాకా వచ్చింది. దేశాల మధ్య గొడవ వస్తే పైన సీఆర్పీఎఫ్‌ను పంపే కేంద్రం ఎవరు?

మూసీ ఒడ్డు:
వకీలు గారూ, మీరు చెప్పింది నిజమే. అందుకే అందరినీ ఒక తాటి మీద కట్టే ఒప్పందం జోలికి పోవద్దంటాను. పని చూసి ఒప్పందం చేసుకోవాలి. అలాంటివి పనిచేసిన దాఖలాలు ఉన్నాయి.

మలక్కా జలసంధి తీసుకోండి. సముద్రపు దొంగల భయంతో 2005లో లండన్ ఇన్సూరెన్స్ కమిటీ దాన్ని యుద్ధ ప్రమాదం ఉన్న ప్రాంతాల జాబితాలో పెట్టింది. అంటే ఆ దారిన పోయే ఓడకు అదనపు ప్రీమియం. ఇండోనేషియా, మలేషియా, సింగపూర్ ఆ ముందటేడే గస్తీ మొదలుపెట్టాయి. ఒకరి నీళ్లలోకి మరొకరు పోలేదు. ఎవరి నీళ్లలో వాళ్లే తిరిగారు, కనబడిన దొంగ పడవ సమాచారం మాత్రం వెంటనే పక్కవాళ్లకు చేరవేశారు. విమానాల గస్తీ కూడా కలిపారు. 2006లో ఆ జాబితా నుంచి మలక్కా పేరు తీసేశారు. 2008లో థాయిలాండ్ కూడా చేరింది. వీళ్ల మధ్య సరిహద్దు తగాదాలు లేవా? ఉన్నాయి. వాటిని తేల్చుకునేదాకా ఆగుదాం అనుకోలేదు.

మన దగ్గరా ఉంది. 2003 డిసెంబర్‌లో భూటాన్ రాజు తన సైన్యాన్ని తానే నడిపించి ఉల్ఫా, బోడో, కేఎల్ఓ తీవ్రవాదుల 30 శిబిరాలను లేపేశాడు. మన సైన్యం సరిహద్దు ఇవతల దారులు మూసి నిలబడింది. పారిపోయి వచ్చినవాళ్లు ఇక్కడ దొరికారు. ఎవరి నేల మీద వాళ్లు చేశారు కాబట్టి భూటాన్ జనానికి తలవంపు లేదు, మనకు 1987 తిప్పలు లేవు.

నల్లగొండ రన్నర్:
అన్నా, భూటాన్ సంగతి వేరు. మాల్దీవులు చూడండి. 1988 నవంబర్‌లో కిరాయి సైనికులు గయూమ్ ప్రభుత్వాన్ని కూలదోయబోతే మన పారాట్రూపర్లు ఆగ్రా నుంచి ఎగిరిపోయి ఆ రాత్రికే దిగారు, కాపాడారు. అదే దేశం 2024 మేలోగా మన సైనికులు వెళ్లిపోవాలంది. ఇంత చేసినా విలువ లేకపోతే ఎట్లా?

మూసీ ఒడ్డు:
తమ్మీ, అక్కడే ఆగి చూడు. సైనికులు వచ్చేశారు, కానీ మనం ఇచ్చిన హెలికాప్టర్లు, డోర్నియర్ విమానం అక్కడే ఉన్నాయి. వాటిని నడపడానికి మన సివిలియన్ సిబ్బంది వెళ్లారు. దీవి నుంచి పేషెంటును తెచ్చే హెలికాప్టర్ వాళ్లకు కావాలి, యూనిఫాం కనబడితే ఎన్నికల్లో గొడవ. ఇద్దరికీ ఇబ్బంది లేని దారి వెతుక్కున్నారు. చిన్న దేశానికి మన సైజే భయం. మనం ఎంత మంచిగా మాట్లాడినా ఆ భయం పోదు, దాన్ని లెక్కలో వేసుకునే పని చేయాలి. కొలంబో సెక్యూరిటీ కాంక్లేవ్ అట్లాంటిదే. 2011లో మనం, శ్రీలంక, మాల్దీవులు మొదలుపెట్టాం. మధ్యలో కొన్నేళ్లు ఆగిపోయినా 2020లో మళ్లీ లేచింది. తర్వాత మారిషస్, బంగ్లాదేశ్, సీషెల్స్ చేరాయి. ఉగ్రవాదం, డ్రగ్స్ రవాణా, సైబర్ నేరాలు, సముద్ర భద్రత, విపత్తులు, అంతే. ఉమ్మడి సైన్యం మాటే లేదు. హిందూ మహాసముద్రంలో తిరిగే ఓడల సమాచారం కోసం 2018లో గురుగ్రామ్‌లో పెట్టిన కేంద్రంలో వేరే దేశాల నేవీ ఆఫీసర్లు మనవాళ్ల పక్కనే కూర్చుని పనిచేస్తున్నారు.

పరిగి నుంచి:
సముద్రం మనకు దూరం అనుకోకండి. మా పక్కన దామగుండం అడవిలో జలాంతర్గాములతో మాట్లాడే నేవీ రేడియో స్టేషన్‌కు 2024లో శంకుస్థాపన చేశారు. చెట్లు పోతాయని ఇక్కడ జనం కొట్లాడారు. భద్రత కోసం ఎవరి భూమి, ఎవరి అడవి పోతుందో కూడా ఈ చర్చలో ఉండాలి.

సూర్యాపేట టీచర్:
అందరూ స్నేహితులతో ఒప్పందాల గురించే రాస్తున్నారు. నాకైతే పడనివాళ్లతోనే ముందు కావాలనిపిస్తుంది. మా ఊరి బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో అమరుడయ్యాడు. ఆయనతో కలిపి 20 మంది. చైనాతో 1993లో, 1996లో ఒప్పందాలు ఉండగానే ఇది జరిగింది, ఆ కాగితాలు చింపేయాలని ఆ వారం మా స్టాఫ్ రూమ్‌లో కూడా అన్నారు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని 1996 ఒప్పందం చెబుతుంది. ఆ రాత్రి రాళ్లు, మేకులు కొట్టిన రాడ్లు వాడారు, తూటా మాత్రం పేలలేదు. పేలి ఉంటే ఆ ఒక్క లోయతో ఆగేదా? ఒప్పందం మన బిడ్డలను కాపాడలేకపోయింది, ఆ కోపం నాకూ ఉంది. కానీ యుద్ధం దాకా పోనివ్వని గీత ఒకటి మిగిలింది. 2024 అక్టోబర్‌లో దెప్సాంగ్, దెమ్‌చోక్ గస్తీ మీద మళ్లీ కూర్చుని మాట్లాడుకున్నది కూడా అందుకే.

పాలమూరు వకీలు:
మేడమ్, పాకిస్తాన్‌తో కూడా అంతేనంటారా? సింధు జలాల ఒప్పందం 1960 నుంచి యుద్ధాలన్నీ తట్టుకుంది, పహల్గాం తర్వాత 2025 ఏప్రిల్‌లో మనమే పక్కన పెట్టాం. ప్రజల ప్రాణాలు పోతుంటే కాగితాన్ని పట్టుకుని వేలాడలేం కదా.

సూర్యాపేట టీచర్:
అంతేనంటాను సార్. సింధు ఒప్పందం ఆపడం మీద నాకు వేరే అభిప్రాయం లేదు. కానీ అణు కేంద్రాల మీద దాడి చేయబోమని 1988లో రాసుకున్న ఒప్పందం ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ తమ అణు కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ తర్వాతా, పుల్వామా తర్వాతా ఆగలేదు. 2025 మే 10న కాల్పులు ఆగింది కూడా రెండు వైపుల డీజీఎంఓలు (సైనిక ఆపరేషన్లు చూసే పెద్ద అధికారులు) ఫోన్‌లో మాట్లాడుకున్నాకే. ఆ మధ్యాహ్నం మూడున్నరకు ఫోన్ చేసింది పాకిస్తాన్ డీజీఎంఓ, సాయంత్రం ఐదు నుంచి ఆపాలని అనుకున్నారు. అంత ఉద్రిక్తతలో కూడా ఎత్తే ఫోన్ ఒకటి ఉంది. నల్లగొండ తమ్ముడూ, నువ్వు రేపు ఏ పోస్టులో డ్యూటీ చేసినా నీ ప్రాణం ఆ లైను మీద ఆధారపడి ఉంటుంది. ఉమ్మడి సైన్యం కంటే ముందు అలాంటి లైన్లు ప్రతి పొరుగు దేశంతో ఉండాలని అడుగు.