ఫిస్కర్ షేర్లు రద్దయ్యాయి: నష్టం చూపించడానికి ఏ కాగితం పెట్టాలి?

మాది భీమవరం. అమెరికా షేర్లు కొనే యాప్‌లో 2022 మార్చిలో ఫిస్కర్ అనే అమెరికా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీవి 200 షేర్లు, సగటున 12 డాలర్ల చొప్పున తీసుకున్నాను. డబ్బు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే రిజర్వ్ బ్యాంకు పథకం) కింద బ్యాంకు నుంచే పంపాను.

కంపెనీ సంగతి తెలిసిందే. 2023లో వాళ్ళ ఓషన్ మోడల్ కార్లు తయారైనవి 10 వేల పైచిలుకే, అందులో సగం కూడా కొన్నవాళ్ళ చేతికి చేరలేదు. 2024 మార్చిలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్‌వైఎస్‌ఈ) ఈ షేరును జాబితాలోంచి తీసేసింది, జూన్‌లో డెలావేర్‌లో దివాలా పిటిషన్, అక్టోబర్‌లో ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే ప్లాన్‌ను కోర్టు ఆమోదించింది. షేర్‌హోల్డర్లకు పైసా లేదు.

చిక్కు ఇక్కడ. యాప్‌లో ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎన్‌క్యూ (దివాలా తర్వాత ఫిస్కర్ షేరు గుర్తు) ఇంకా 200 అనే కనిపిస్తోంది, విలువ సున్నా, అమ్మే బటన్ నొక్కితే పనిచేయదు. పాలకొల్లు దగ్గర అమ్మిన స్థలం లాభంలో ఈ దీర్ఘకాలిక నష్టం సర్దుకోవాలి. షేరు మీద హక్కు రద్దవడం కూడా ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 2(47) ప్రకారం బదిలీయే, కొని 24 నెలలు దాటింది కాబట్టి దీర్ఘకాలికమే. ఆడిటర్ గారు ఒప్పుకుంటున్నారు గానీ, నా పేరు మీద తేదీతో ఏదైనా ఉండాలంటున్నారు. న్యాయమే.

బ్రోకర్‌ని అడిగితే అమ్మకం జరగలేదు కాబట్టి కాంట్రాక్ట్ నోట్ (కొనుగోలు, అమ్మకాలకు బ్రోకర్ ఇచ్చే రసీదు) ఇవ్వలేమన్నారు. విలువలేని షేర్లను ఖాతాలోంచి తీసేసి లెటర్ ఇవ్వమంటే ఆ సదుపాయం లేదట. కోర్టు ఆర్డర్ దింపుకున్నాను, అందులో నా పేరెందుకుంటుంది!

ఇలా రద్దయిన విదేశీ షేర్ల నష్టాన్ని కాంట్రాక్ట్ నోట్ లేకుండా చూపించి, రిటర్ను పరిశీలనలో నెగ్గినవాళ్ళు ఏ కాగితం పెట్టారండీ?