జెనోపస్ కప్ప పిండాలు గ్యాస్ట్రులా (కణాలు లోపలికి ముడుచుకుని పొరలుగా ఏర్పడే దశ) దగ్గరే చచ్చిపోతున్నాయి, ఎవరికైనా అనుభవం ఉందా?

అందరికీ నమస్తే. నేను మాస్టర్స్ ప్రాజెక్ట్‌కి జెనోపస్ లేవిస్ కప్పలతో పని చేస్తున్నానండి, అదే 1962లో జాన్ గర్డన్ టాడ్‌పోల్ పేగు కణం న్యూక్లియస్‌ని గుడ్డులో పెట్టి కొత్త టాడ్‌పోల్స్ పుట్టించాడే, ఆ ఆఫ్రికా కప్ప.

రాత్రి హెచ్‌సీజీ (గుడ్లు పెట్టించే హార్మోన్) ఇంజెక్షన్ ఇస్తే పొద్దున్నకల్లా గుడ్లు బానే పెడుతున్నాయి, ఫెర్టిలైజ్ చేశాక కాసేపట్లో నల్లటి సగం పైకి తిరుగుతుంది, 22 డిగ్రీల్లో గంటన్నరకి మొదటి చీలిక, తర్వాత దాదాపు అరగంటకొకటి. ఆవగింజంత ఉండ మీద గీతలు ఒక్కొక్కటే పడుతుంటే కళ్ళు తిప్పుకోలేను, నిజంగా. కానీ బ్లాస్టోపోర్ పెదవి, అంటే గ్యాస్ట్రులా మొదట్లో కణాలు లోపలికి వెళ్ళే చోటి అంచు, కనబడే టైమ్‌కి సగానికి పైగా తెల్లగా ఉబ్బిపోయి పగిలిపోతున్నాయి, డిష్‌లో నీళ్ళు కూడా మసకబారిపోతున్నాయి. మూడు వారాలుగా ఇదే వరస.

నాకు తెలిసినంతలో సుమారు 4000 కణాల దాకా తల్లి గుడ్డులో దాచిన ఆర్‌ఎన్‌ఏతోనే నడిచిపోతుంది, సొంత జీన్స్ గట్టిగా మొదలయ్యేది ఆ తర్వాతే, కాబట్టి గుడ్డులో లోపం ఉన్నా ముందు బయటపడదు. మరి తప్పు గుడ్లదా, నా చేతిదా? గుడ్ల చుట్టూ ఉండే జెల్లీ పొర తీయడానికి 2% సిస్టీన్ ద్రావణం, పీహెచ్ 7.8, ఐదు నిమిషాలు ఉంచుతున్నా, ఎక్కువైందంటారా? చచ్చినవి గంటగంటకీ ఏరేయాలా? ఒకే ఆడకప్పని మళ్ళీ వాడాలంటే ఎన్ని నెలలు వదిలేస్తారు మీరు? దాన్ని ఊరికే ఇబ్బంది పెట్టడం నాకస్సలు ఇష్టం లేదు. చేసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్, గురువారం మళ్ళీ ఇంజెక్షన్ ఇవ్వాలి.